చెరిపేసిన రీడింగు

ఈ వారం ఉత్తరం ఒక సైన్స్ టీచర్ నుంచి వచ్చింది. ఏడు కాగితాలు, రెండు వైపులా రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరారు.

ఆవిడకి 39 ఏళ్ళు. ఎమ్మెస్సీ, బీఎడ్. కోస్తాలో ఒక పట్టణంలోని ప్రైవేటు సీబీఎస్ఈ స్కూల్లో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నారు. తొమ్మిదో తరగతి ఫౌండేషన్ బ్యాచ్‌కి ఫిజికల్ సైన్స్ చెబుతారు. ఏ రోజు ఏ టాపిక్, ఎన్ని బిట్లు, ఏ శనివారం ఏ టెస్ట్ అన్నీ పైనుంచి మైక్రో షెడ్యూల్‌లో వస్తాయి. ఈ ఏడాది బాష్పీభవనం పాఠం దగ్గర గొడవ మొదలైంది. మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయన్నది ఎప్పుడూ వచ్చే బిట్టే. కుండ సన్న రంధ్రాల్లోంచి ఊరే తడి ఆరుతూ చల్లబరుస్తుందని జవాబు చెప్పి ముందుకి వెళ్ళబోతుంటే వెనక బెంచీ కుర్రాడు లేచాడట. "మరి మా ఇంట్లో పాత కుండలో చల్లబడట్లేదేం మేడమ్? అదీ మట్టిదేగా?"

"తెచ్చి చూద్దాం" అన్నారు ఈవిడ. మర్నాడు ఒక కొత్త కుండ, ఒక పాత కుండ వరండాలోకి వచ్చాయి. ల్యాబ్ నుంచి థర్మామీటర్, ఒక పిల్ల వాళ్ళ కిరాణా కొట్టు నుంచి కాటా. నీళ్ళ వేడి, కుండ బరువు రోజుకి నాలుగుసార్లు రాసుకున్నారు. కొత్త కుండలో నీళ్ళు బయటికంటే 5 డిగ్రీలు తక్కువున్నాయి, పాతదాంట్లో 2 డిగ్రీల తేడా కూడా లేదు. పాత కుండ బరువు కూడా పెద్దగా తగ్గలేదు. ఇదంతా తేలేసరికి 8 పీరియడ్లు అయిపోయాయి. ఆ శనివారం టెస్టులో 5 సెక్షన్లలో వీళ్ళ సెక్షనే ఆఖరు. డీన్ పిలిచి మెమో ఇచ్చారు. పేరెంట్స్ మీటింగ్‌లో ఒకాయన లేచి, "మేం లక్ష కట్టేది కుండలు తోమించడానికా?" అన్నాడు. అడిగింది ప్రశ్న వేసిన కుర్రాడి తండ్రే. మర్నాడే పిల్లవాణ్ణి వేరే సెక్షన్‌కి మార్పించాడు. ఇప్పుడు ఆ అబ్బాయి వరండాలో ఎదురుపడితే తల దించుకుని వెళ్ళిపోతున్నాడు.

ఇంటికొస్తే భర్త, "నువ్వొక్కదానివే దేశాన్ని ఉద్ధరించాలా? లోన్ ఇంకా తొమ్మిదేళ్ళుంది" అన్నారు.

ఆవిడ ప్రశ్నలు ఇవి. "పంద్రాగస్టుకి మా కరస్పాండెంట్ గారే మైకు ముందు సృజనాత్మకతే రేపటి దేశ సంపద అంటారు. పదహారో తేదీ మళ్ళీ మైక్రో షెడ్యూల్. ఏది నిజం? సృజన అనేది మాలాంటి మధ్యతరగతి పిల్లలకి అందని విలాసమా? ఉద్యోగం మానేయనా, నోరు మూసుకుని బిట్లు చెప్పుకోనా, డీఎస్సీకి చదవనా? అన్నిటికన్నా, ఆ పిల్లవాడికి నేను చెడు చేశానా?"

అమ్మా,

నేనూ బడిలో సైన్స్ చెప్పి రిటైరైనదాన్నే. అందుకే మీ బాధకంటే ముందు నా కళ్ళు మీ కుండల మీద పడ్డాయి. ఏమీ అనుకోకండి.

మీరు నాలుగో కాగితం వెనక రెండు విషయాలు చెరో వాక్యంలో రాసి వదిలేశారు. ఒకటి, కిరాణా కొట్టు వాళ్ళ పిల్ల పాత కుండ మీద తెల్లటి పొర చూసి, నిమ్మచెక్కతో రుద్దితే రెండు రోజులకి అదీ చెమర్చిందని. రెండోది, వాన పడిన రోజు కొత్త కుండ, పాత కుండ ఒకేలా ఉంటే ఆ ప్రశ్న అడిగిన కుర్రాడే "ఇది తప్పొచ్చింది మేడమ్" అని ఆ రీడింగు రబ్బరుతో చెరిపేశాడని. మెమో గురించి మీరు కాగితంన్నర రాశారు. నాకైతే ఉత్తరం మొత్తంలో నన్ను పట్టి ఆపింది ఆ చెరిపిన రీడింగే.

ఎందుకంటే ఆ రోజు రీడింగు తప్పు కాదని మీకూ తెలుసు. గాలిలో తేమ నిండుగా ఉంటే కుండ చెమర్చినా ఆ తడి ఆరదు, ఆరకపోతే చల్లదనం లేదు. పుస్తకంలో తేమ గురించి ఒక్క లైనుంటుంది. ఆ లైను వరండాలో, వాళ్ళ కళ్ళ ముందు జరిగింది. పిల్లవాడు దాన్ని చెరిపేశాడు. ఎందుకు చెరిపాడు? ఫౌండేషన్ టెస్టులు జేఈఈ మెయిన్ పద్ధతిలోనే పెడతారు కదా, ఒప్పుకి నాలుగు, తప్పుకి మైనస్ ఒకటి. పద్నాలుగేళ్ళ పిల్లవాడు వారం వారం ఆ లెక్కలో బతుకుతున్నాడు. అనుకున్న జవాబు రాకపోతే దాని జాడ ఉంచకూడదని వాడి చేతికి అలవాటైపోయింది. పరీక్షలో ఆ జాగ్రత్త మంచిదే, నేను కాదనను. కానీ ప్రయోగం దగ్గరికి కూడా అదే చేత్తో వచ్చాడు, మీరూ ఆ క్షణంలో ఆపలేదు. మిమ్మల్ని దెప్పడానికి అనడం లేదు. 8 పీరియడ్లు ఖర్చుపెట్టి, అసలు దొరికిన చోట దాటి వచ్చేశారే అని నా ఆరాటం.

ఇక మీ తప్పు గురించి. ఉంది, చిన్నది కాదు. ఎవరికీ చెప్పకుండా 8 పీరియడ్లు తీసుకున్నారు. ఆ శనివారం టెస్టులో ఏం వస్తుందో మీకు ముందే తెలుసు, పిల్లలకి తెలియదు. దెబ్బ మాత్రం వాళ్ళకి తగిలింది. మెమోకి బాధపడండి గానీ, అది పూర్తిగా అన్యాయమని నేను అనలేను. ముందురోజు సాయంత్రం ఒక గంట కూర్చోబెట్టి మిగిలిన బిట్లు చెప్పి ఉంటే ఇంత రగడ అయ్యేది కాదేమో.

కరస్పాండెంట్ గారి ఉపన్యాసం సంగతి. ఆయన చెప్పేది అబద్ధం కాదు, కాకపోతే ఆయన చెప్పే తీరులో ఆ బరువంతా మీ తొమ్మిదో తరగతి వరండా మీద పడుతోంది. 2020-21 లెక్కల ప్రకారం మన దేశం పరిశోధన మీద పెడుతున్నది జీడీపీలో 0.64 శాతం. దక్షిణ కొరియా 5 శాతానికి దగ్గర్లో ఉంది. ప్రశ్న అడిగే పిల్లవాడు పెద్దయ్యాక వెళ్ళడానికి ల్యాబు ఉండాలి, వాడి ఆలోచన మీద డబ్బు పెట్టే కంపెనీ ఉండాలి, ఓడిపోతే మళ్ళీ నిలబడే వీలుండాలి. అవి మీ చేతిలో లేవు. మీ ఆయన ఎత్తిపొడుపులో ఆ మేరకు నిజం ఉంది, మీరొక్కరే ఉద్ధరించలేరు. ఉద్ధరించమని ఎవరూ అడగలేదు కూడా.

అలాగని సృజన విలాసమన్న మాట ఒప్పుకోను. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారి సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆరో తరగతితో బడి మానేసిన చేనేత కుటుంబం అబ్బాయి. పోచంపల్లి చీరకి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారం తిప్పుతూ, ఒక్క చీరకి చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. వాళ్ళమ్మ లక్ష్మి గారికి భుజం పట్టేసేది. అది చూడలేక 1992లో మిషన్ కట్టడం మొదలుపెట్టాడు. 1999 దాకా అది పూర్తి కాలేదు. ఆఖరి ముడి హైదరాబాద్ బాలానగర్‌లో పనికి వెళ్ళినప్పుడు, అక్కడ ఒక యంత్రం కదిలే తీరు చూశాక విడిపోయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకి దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. దేశ సంపద అనగానే నాకు ముందు ఆ తల్లి భుజం గుర్తొస్తుంది. చీరకి మూడు గంటలు మిగిలాయి, నొప్పి తగ్గింది, ఇంకో చీరకి ఆసు పోసే వీలు కలిగింది. పెరుగుదల అని పెద్ద పేరు పెట్టి చెప్పేదంతా కింద ఇలాగే ఉంటుంది.

ఆ ఏడేళ్ళలో ఆయనకి పడిన మైనస్ ఒకట్లు ఎన్నో లెక్కేసుకోండి.

అయితే ఈ కథ చెప్పి "చదువెందుకు, మల్లేశం చదివాడా" అనేవాళ్ళు మీ స్టాఫ్ రూములోనే ఉంటారు. వాళ్ళ మాట నమ్మకండి. పక్కన ఒక పాలిటెక్నిక్ లెక్చరర్ ఉండి ఉంటే ఆయనకి ఏడేళ్ళు పట్టేదా అని నాకెప్పుడూ అనుమానమే. ఇంకో వైపు శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాద్ రెడ్డి గారున్నారు. ఆయన ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు, బయాలజీ మనిషి కాదు. హెపటైటిస్-బి టీకా అప్పుడు విదేశాల నుంచి వచ్చేది, సామాన్యుడు కొనలేని ధర. మనమెందుకు చెయ్యలేం అని హైదరాబాద్‌లో కంపెనీ పెట్టి, 1997లో దేశంలోనే తయారైన టీకాని ఆ ధరలో చిన్న వంతుకి అమ్మారు. అక్కడ పనిచేసిన శాస్త్రవేత్తలందరూ కష్టపడి చదివి, పరీక్షలు రాసి వచ్చినవాళ్ళే. అంటే మీ బిట్లు, మీ కుండలు ఒకదానికొకటి పగవాళ్ళు కావు. దేశదేశాల పిల్లలకి పెట్టే పీసా పరీక్షల్లో 2022లో మొదటిసారి 15 ఏళ్ళ పిల్లల సృజనాత్మక ఆలోచనని కొలిస్తే సింగపూర్ ముందు నిలిచింది. అదే ఏడాది లెక్కల్లో, సైన్సులో కూడా సింగపూరే మొదటిది. హాంకాంగ్, తైవాన్ పిల్లలు లెక్కల్లో చాలా పైనున్నా సృజనలో ఆ ఎత్తులో నిలవలేదు. మనం ఆ ఏడాది పాల్గొననే లేదు. పాఠం గట్టిగా వస్తే సృజన చచ్చిపోతుందన్నది, సృజన కావాలంటే పాఠం వదిలేయాలన్నది, రెండూ నిలిచే మాటలు కావు.

ఇప్పుడు దారుల సంగతి చూద్దాం. ఏది పట్టాలో మీ ఇంటి లెక్క మీకే తెలుసు.

ఉన్నచోటే ఉండి, షెడ్యూల్ లోపలే పని చేసుకోవడం ఒకటి. సోమవారం మీరు శనివారం టెస్టు తప్పులు చర్చిస్తారు కదా, ఆ పీరియడ్ మీదే. ఒక బిట్టు తీసుకుని, "ఈ తప్పు ఆప్షన్ ఉంది చూశారూ, ఏ ప్రశ్నకి ఇది ఒప్పవుతుంది?" అని అడగండి. "బాష్పీభవన వేగం దేనివల్ల పెరుగుతుంది?" అన్న బిట్టులో "గాలిలో తేమ" తప్పు ఆప్షన్. అది ఒప్పయ్యే ప్రశ్న తయారు చెయ్యమంటే, వానరోజు కుండ ఎవరికో ఒకరికి గుర్తొచ్చి తీరుతుంది. పది నిమిషాల పని. సిలబస్ ఆగదు, మార్కులు తగ్గవు, పెరిగినా పెరగొచ్చు. మీరు చేస్తున్నదేమిటో డీన్‌కి తెలియను కూడా తెలియదు. చిక్కేమిటంటే, ఇంకెవరికీ తెలియదు. మెచ్చుకునేవాళ్ళుండరు. మార్చికల్లా మీకే "ఇదీ ఒక పనేనా" అనిపించే రోజొస్తుంది. వరండాలో కుండలు పెట్టిన ఆ ఎనిమిది రోజుల ఊపు ఇందులో దొరకదు.

మేనేజ్‌మెంట్‌తో వాళ్ళ భాషలో మాట్లాడటం మరో దారి. ప్రిన్సిపాల్ గారి దగ్గర దేశం గురించి ఎత్తొద్దు. సీబీఎస్ఈ తొమ్మిది, పది తరగతుల పేపర్లో సగం మార్కులు సామర్థ్య ఆధారిత ప్రశ్నలకే ఇచ్చిందని, పాత బిట్లు బట్టీపడితే అవి రావని చెప్పండి. 20 ఇంటర్నల్ మార్కుల్లో పోర్ట్‌ఫోలియోకి 5, ప్రయోగాలకి 5 ఉన్నాయి. ఆ కుండల నోట్‌బుక్కే అందుకు పనికొస్తుంది. ఇన్‌స్పైర్ మానక్ అని కేంద్ర ప్రభుత్వ పథకం ఉంది, ఎంపికైన ఆలోచనకి విద్యార్థి ఖాతాలో 10,000 రూపాయలు వేస్తారు. ప్రైవేటు స్కూళ్ళూ పంపొచ్చు. ఇవన్నీ ఒకే కాగితం మీద రాసుకెళ్ళి, పదిహేను రోజులకి ఒక్క పీరియడ్ అడగండి. ఇస్తే మంచిదే. కానీ ఇచ్చాక ఏమవుతుందో కూడా చెబుతాను. అదే కుండ ఫ్లెక్సీ ఎక్కుతుంది. అడ్మిషన్ల సీజన్లో పాంప్లెట్ మీద మీ పిల్ల నిమ్మచెక్క పట్టుకుని నవ్వుతూ ఉంటుంది, ఫొటో కోసం నాలుగుసార్లు రుద్దిస్తారు. అది భరించగలరా? ఇవ్వకపోతే, "ఈవిడ అడిగే రకం" అని ముద్రపడుతుంది. ఇంక్రిమెంట్ల సమయంలో ఆ ముద్ర గుర్తుంటుంది.

మానేయడం గురించి అడిగారు. మానేయొచ్చు, ఏడాది మధ్యలో మాత్రం వద్దని నా సలహా. 5 సెక్షన్లలో ఆఖరున్న పిల్లల్ని అక్టోబరులో కొత్త టీచర్‌కి వదిలేసి రావడం మీ మనసు ఒప్పుకోదు. ఇంకో సంగతి, మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు స్కూల్ దగ్గరున్నాయా? ముందు అది చూసుకోండి. డీఎస్సీకి చదివితే చదవండి, జీతం, భద్రత తేడా మీకు చెప్పక్కర్లేదు. అయితే గవర్నమెంటు బడికి వెళ్తే స్వేచ్ఛ తలుపు దగ్గరే నిలబడి ఉంటుందని అనుకోకండి. అక్కడా పదో తరగతి ఫలితాల టెన్షన్ ఉంది, యాప్‌లో ఫొటోలు ఎక్కించే పనుంది, ల్యాబు తాళం ఎవరి దగ్గరుందో తెలియని బళ్ళున్నాయి. అక్కడ తండ్రులు లేచి "లక్ష కట్టాం" అనరు, అంతవరకు నిజం. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, మీ వయసుకి ఎన్ని అవకాశాలు మిగిలాయో ఆ లెక్క కూడా వేసుకోవాలి.

ఒక ఏడాది నోరు మూసుకుని బిట్లు చెప్పుకోవడం కూడా దారే. దాన్ని ఓటమిలా రాశారు మీరు. ఇంట్లో లోనున్న మనిషి కొన్నాళ్ళు తల వంచుకుని పనిచేస్తే తప్పేముంది? కాకపోతే అది ఒక ఏడాదే ఉండేలా చూసుకోండి. రెండో ఏడాదికి అది అలవాటైపోతుంది. మూడో ఏడాది కొత్తగా చేరిన టీచర్ ఎవరైనా కుండ తెస్తే మీరే డీన్‌కి చెబుతారు. అలా మారినవాళ్ళని నేను చూశాను. ఒకటి రెండేళ్ళు నేనూ అలాగే ఉన్నాను.

నా మొగ్గు అడిగితే, మార్చిదాకా సోమవారం పది నిమిషాలు, ఏప్రిల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని తక్కిన లెక్క. కానీ ఫ్లెక్సీ మీద కుండ మిమ్మల్ని బాధించదనుకుంటే ప్రిన్సిపాల్ గారి దగ్గరికి రేపే వెళ్ళండి.

మీ ఆయన్ని మీరు ఈ ఉత్తరంలో కొంచెం విలన్ని చేశారు. తొమ్మిదేళ్ళ లోను ఇద్దరిదీ. మీకు మెమో వచ్చిందనగానే ఆయన భయపడ్డాడు, భయం వెటకారంగా బయటికొచ్చింది. మెమో చూపించారు సరే, కుండల నోట్‌బుక్ చూపించారా? మీ ఉత్తరంలో చూపించినట్టు లేదు.

ఇక ఆ పిల్లవాడు. చెడు చెయ్యలేదమ్మా. కానీ వాడిప్పుడు ఏమనుకుంటున్నాడంటే, "నేను ప్రశ్న అడిగాను, అందుకే మేడమ్‌కి తిట్లు పడ్డాయి" అని. తల దించుకోవడం కోపం వల్ల కాదు, ఇది నా ఊహే అయినా గట్టి ఊహ. వాడికి జీవితంలో పడిన అతి పెద్ద మైనస్ ఒకటి అదే. దాన్ని మీరు తీసెయ్యకపోతే ఇంకెవరూ తీసెయ్యలేరు.

వాళ్ళ నాన్నకి ఫోన్ చెయ్యండి. కొత్త సెక్షన్ టీచర్‌కి ముందు చెప్పి చెయ్యండి, చాటుగా వద్దు. ఆయన్ని మూర్ఖుడనుకుని మాట్లాడకండి. లక్ష ఎక్కడినుంచి తెచ్చాడో మనకి తెలియదు. ర్యాంకు అనేది ఆయనకి పిల్లవాడి బతుకు మీద కట్టే ఇన్సూరెన్సు, ప్రీమియం కట్టినవాడికి భయం ఉంటుంది. ఆ టెస్టులో మార్కులు తగ్గడం నా పొరపాటేనని ముందు ఒప్పుకోండి. ఆ తర్వాత, "మీ అబ్బాయి అడిగిన ప్రశ్నకి జవాబు నా పుస్తకంలో కూడా లేదండీ" అని చెప్పండి. సెక్షన్ మళ్ళీ మార్చమని అడగొద్దు. ఆయన విసుక్కుని పెట్టేసినా పెట్టేయొచ్చు. పెట్టేస్తే పెట్టేయనివ్వండి, ఆ రాత్రి అన్నం దగ్గర కొడుకుతో ఏదో ఒకటి అంటాడు.

వరండాలో వాడు కనిపించినప్పుడు మాత్రం బాగున్నావా అని అడక్కండి, ఇంకా ముడుచుకుపోతాడు. పని చెప్పండి. చెరిపిన ఆ రోజు రీడింగు గుర్తుంటే మళ్ళీ రాసిమ్మనండి, గుర్తులేకపోతే వచ్చే వానకి మళ్ళీ తియ్యమనండి. తేదీ పక్కన "వాన" అని రాయడం మర్చిపోవద్దని చెప్పండి.

నాకూ ఒక సందేహం ఉండిపోయింది. నిమ్మచెక్కతో రుద్దితే పాత కుండ చెమర్చిందన్నారు. పని చేసింది నిమ్మరసమా, రుద్దడమా? ఇంకో రెండు పాత కుండలు దొరికితే ఒకదానికి రసం పూసి ఊరికే కడగమనండి, ఇంకోదాన్ని ఉత్త కొబ్బరిపీచుతో రుద్దమనండి. ఏమొచ్చిందో నాకు రాయండి. ఏమీ తేడా రాకపోయినా రాయండి.